నాలుగు చోట్ల ఒక కుబుసం

శంషాబాద్ చుట్టుపక్కల పాములు, తొండలు, ఉడుములు ఎక్కడ కనబడినా ఫోటో తీసి పెట్టుకోవడం నాకున్న పిచ్చి. అది తెలిసే పాల్మాకుల నుంచి మాకు పాలు పోసే అక్క ఫోన్ చేసింది.

"జర వస్తవా తమ్మీ? కొట్టం గోడల పామున్నది. మా ఆయన రాళ్ళు పీకి చంపుతా అంటుండు. నాగుపామైతే పాపం గాదా?"

వెళ్ళేసరికి ఆమె భర్త గడ్డపారతో నిలబడి ఉన్నాడు. "విషముంటే నా బర్రెలు బతుకుతయా? నాగుపామో, జెర్రిపోతో జల్ది తేల్చు" అన్నాడు.

పాము కనబడలేదు. గోడ సందులో కుబుసం దొరికిందని అక్క చెప్పగానే నాకు ప్రాణం లేచొచ్చింది. తల భాగం ఉంటే చాలు. ముక్కుకూ కంటికీ మధ్య చిన్న పొలుసులుంటే జెర్రిపోతు, లేకపోతే నాగుపాము.

"ఏదక్కా?"

అక్క నేలచూపులు చూసింది. "ఇంట్ల ఉంటే లక్ష్మి నిలుస్తదని తలా ఇంత తెంపి పంచిన."

ఒకే పామును ఇల్లిల్లూ తిరిగి ఫోటో తీయడం నాకదే మొదటిసారి. ఆమె తోడికోడలు బియ్యం డబ్బాలోంచి తోక తీసింది. పక్కింటామె "నాకు నమ్మకం లేదు, మా అత్తమ్మది" అంటూనే బీరువాలో పట్టుచీర మడత విప్పింది. మరో ముక్క అక్కవాళ్ళ దేవుడి పటం వెనకే ఉంది. వెలుతురుకు పట్టి ఆ పొలుసులు చూస్తుంటే గడ్డపార సంగతే మరిచిపోయాను. తల మాత్రం ఎక్కడా లేదు. తనకు దొరికేటప్పటికే తల లేదంది అక్క.

తిరిగి వచ్చేసరికి అక్క భర్త మొదటి రాయి కదిలించేశాడు. "ఆగన్నా, తల దొరకలేదు, ఏదని చెప్పలేను" అని బతిమాలాను.

ఆయన జేబులోంచి ఫోన్ తీసి, వెనక కవరు ఊడదీశాడు. "గిది పనికొస్తదా చూడు" అన్నాడు, అక్క వైపు చూడకుండా.

కవరులో తల ఉంది, కళ్ళ మీది పొరతో సహా. ముక్కు పక్కన చిన్న పొలుసులు స్పష్టంగా కనిపించాయి. నాకు పట్టరాని సంతోషం కలిగింది.

"జెర్రిపోతన్నా. విషం లేదు. ఎలుకల్ని తింటుంది."

"అయితే ఉండనీ ఇగ." గడ్డపార గోడకు ఆనించాడు.

అక్క ముఖం చిన్నబోయింది. "నాగుపాముదని చెప్పి పంచిన. ఆళ్ళకు చెప్పకు తమ్మీ."

చెప్పనన్నాను. ఆ తల ముక్క నాకిమ్మని అన్నను అడిగాను. అప్పటికే ఆయన కవరు మళ్ళీ బిగిస్తున్నాడు.

"ఫోటో తీసుకున్నవ్ గదా" అన్నాడు.