నాయనమ్మ విప్పిన కట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎడమ చేతికి మర్యాద లేదు. నాకేమో అన్ని పనులకూ ముందుకొచ్చేది అదే. మంచినీళ్ళ గ్లాసు అందుకున్నా, బలపం పట్టుకున్నా, ఆఖరికి గుళ్ళో ప్రసాదానికి చాచినా ఎడమ చెయ్యే లేచేది. పూజారి పెట్టబోయిన ప్రసాదం వెనక్కి తీసుకునేవాడు. మా నాయనమ్మ నా నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి, కుడి చెయ్యి పట్టి ముందుకు లాగేది.

అప్పుడు మేం చందానగర్‌లో, ఒకే వాకిలి చుట్టూ వరసగా కట్టిన ఇళ్ళల్లో ఒకదాంట్లో కిరాయికి ఉండేవాళ్ళం. పాలమూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం మాది. రాయదుర్గం దగ్గర గుట్టలు పగలగొట్టి అద్దాల మేడలు లేపుతున్న రోజులవి. మా నాన్న ఆ మేడల్లో పనిచేసేవాళ్ళను ఇంటి నుంచి ఆఫీసుకు దింపే కారు నడిపేవాడు. అమ్మ అలాంటి మేడ ఒకదాంట్లో ఊడ్చి తుడిచే పనికి వెళ్ళేది. నేనూ, చంటివాడైన మా తమ్ముడూ నాయనమ్మ పాలనలో ఉండేవాళ్ళం. అబ్బో, ఆ పాలన మామూలుది కాదు.

బడిలో సారు నా ఎడమ చేతిలోంచి పెన్సిలు లాగి కుడి చేతిలో పెట్టేవాడు. ఇంట్లో నాయనమ్మ పాత చీర పేలికతో నా ఎడమ చేతిని లంగా బొందుకు కట్టేసి, అప్పుడు పుస్తకం ముందు కూర్చోబెట్టేది. కుడి చేత్తో నేను రాసింది కోడి గెలికినట్టు ఉండేది. లెక్కకు జవాబు మనసులో ఎప్పుడో తయారై కూర్చునేది, దాన్ని కాగితం మీదికి దించేలోపు బడిగంట కొట్టేసేవాళ్ళు. నోటితో అడిగి చూసే తీరిక సారుకు ఎక్కడిది? ఈ పిల్ల మొద్దు అని తేల్చేశాడు. నలుగురూ అదే మాట అంటుంటే నాకూ నిజమేనేమో అనిపించేది.

ఆ ఏడు గురుకుల పాఠశాల ప్రవేశ పరీక్ష రాయాలి. నాన్న ముందే చెప్పేశాడు. "సీటొస్తే పో, మంచిగ చదువుకో. రాకుంటే ఇంట్ల ఉండి తమ్ముణ్ణి చూస్కో బిడ్డా. నాయనమ్మకు ఇగ శాతనైతలేదు." ఆ మాటల్లో కోపం లేదు. కోపమైతే రేపటికి చల్లారుతుందని ఆశ ఉంటుంది. ఇది నిదానంగా ఆలోచించి చెప్పిన మాట. నాకు బడంటే ప్రాణం. ఆ రోజు నుంచి అన్నం సహించలేదు.

పక్కింట్లో కడప నుంచి వచ్చిన అక్క ఉండేది. పగలు కంప్యూటర్ల ఆఫీసులో ఉద్యోగం, సాయంత్రం వాకిట్లో కుర్చీ వేసుకొని మనస్తత్వశాస్త్రం చదువు. కాలేజీకి వెళ్ళే వీలులేక పోస్టులో పుస్తకాలు తెప్పించుకొని చదివేది. మనిషి గుణం పుట్టుకతో వస్తుందా, పెంపకంతో వస్తుందా అని ఆ పుస్తకాలు రాసేవాళ్ళు ఏళ్ళ తరబడి వాదించుకుంటూనే ఉన్నారని చెప్పి నవ్వేది. మా నాయనమ్మకు అందులో సందేహమే లేదు. నేర్పితే ఏదైనా వస్తుంది, నేర్పేవాళ్ళు గట్టిగా ఉండాలి, అంతే.

"పాప చెయ్యి పుట్టుకతోనే అట్లుండాదేమో అవ్వా" అని అక్క ఒకటి రెండుసార్లు మెల్లగా అని చూసింది.

"మా వంశంల పుర్రచెయ్యి ఎవ్వరికి లేదు. దీనికి ఏడికెల్లి వస్తది?" అని నాయనమ్మ కొట్టిపారేసింది.

ఒక ఆదివారం అందరం ఇంట్లో ఉన్నప్పుడు అక్క ఒక రబ్బరు బంతి పట్టుకొని వచ్చింది. తన చదువు కోసం ఒక ఆట ఆడించాలి, రోంత సాయం చేయండి అంది. కాస్త దూరంలో బకెట్టు పెట్టి అందులో బంతి వెయ్యమంది. నాన్న వేశాడు, అమ్మ సిగ్గుపడుతూ వేసింది. ముసలిదానికి ఆటలేందని కాసేపు బెట్టు చేసినా, నాయనమ్మ కూడా కొంగు దోపుకొని లేచింది. ఆమె విసిరిన బంతి నేరుగా బకెట్లో పడింది. అందరం చప్పట్లు కొట్టాం. అంటే వాళ్ళు కొట్టారు. నా చెయ్యి కట్టేసి ఉంది కదా, నేను గడప దగ్గర పుస్తకం ముందు కూర్చొని చూస్తున్నాను.

తరువాత అక్క తలా ఒక సూదీ, దారం, గుడ్డముక్కా ఇచ్చి ఒక వరస కుట్టమంది. నాన్న సూదిలోకి దారం ఎక్కించలేక చేతులెత్తేశాడు. నాయనమ్మ మాత్రం రెచ్చిపోయింది. పాత చీరలు పొరలుగా పేర్చి బొంతలు కుట్టడంలో ఆమెను మించినవాళ్ళు మా వాకిట్లో లేరు. వరస సగం దాకా వచ్చాక అక్క ఆమె ముందు కూర్చొని, "అవ్వా, ఒకసారి నీ చెయ్యి చూడు" అంది.

సూది ఎడమ చేతిలో ఉంది.

అందరం నోరెళ్ళబెట్టాం. నాయనమ్మ బొంతలు కుట్టడం మేం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాం. ఆ సూది ఏ చేతిలో ఉందో ఒక్కరం గమనించలేదు. తినడం కాదు, ప్రసాదం పట్టడం కాదు, రాయడం కాదు. అందుకే ఆ పనిలో ఆమె చేతికి ఎవరూ కాపలా పెట్టలేదు, అది తనకు నచ్చిన దారిన పోయింది. నాయనమ్మ ఆ చేతిని పరాయివాళ్ళ చేతిని చూసినట్టు చూసుకుంది.

"ఆ చేత్తో కుట్టేది ఎవరు నేర్పించినారవ్వా?" అని అక్క అడిగింది.

"ఎవ్వరు నేర్పలే. సూది పట్టుకుందామంటే గదే ముందుకొచ్చింది" అంది నాయనమ్మ.

ఆ చేతిని తిప్పి చూపించింది. మణికట్టుకు కొంచెం పైన నున్నగా మెరిసే చిన్న మచ్చ ఉండేది. పొయ్యి దగ్గర కాలిందని మేం అనుకునేవాళ్ళం. కాదట. చిన్నప్పుడు ఎడమ చేత్తో తింటోందని వాళ్ళమ్మ గరిటె కాడ కాల్చి పెట్టిన వాత అది. ఆ తరువాత అన్నం దగ్గర ఆ చెయ్యి మళ్ళీ లేవలేదు. ఎందుకు కాలిందో కూడా ఆమె మరిచిపోయే దాకా వచ్చింది.

"నాకు వాత పెట్టిండ్రు బిడ్డా" అంది నా వైపు చూసి. "నీకు పెట్టబుద్ధి గాలే. అందుకే గుడ్డ కట్టిన."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నేనంటే ఆమెకు ఇష్టం లేదనుకునేదాన్ని అప్పటిదాకా. ఆమె లేచి వచ్చి నా పక్కన కూర్చుంది, ఎడమ చేతి వేళ్ళతో ముడి విప్పి పేలికను వాకిట్లోకి గిరాటేసింది. తరువాత అక్క వైపు తిరిగింది. ఇప్పుడు ఆమెకు కోపం వచ్చింది.

"ఆట అని చెప్పి నన్ను పరీక్ష చేసినవ్. ముందుగాల ఒక మాట అడగొద్దా?"

"అడిగింటే నువ్వు జాగ్రత్తగా కుడి చేత్తో కుట్టిందువు. అయినా నాదే తప్పు అవ్వా, అడగాల్సింది" అని అక్క తలదించుకుంది. నిజం తెలుసుకోవడానికి మనుషులతో అబద్ధమాడొచ్చా అన్నది కూడా ఆ చదువులో ఇప్పటికీ తెగని తగవే. ఆ రోజు మాత్రం అక్క నిజం రాబట్టింది, నాయనమ్మ తగవు గెలిచింది.

మర్నాడు నాయనమ్మ నాతో బడికి వచ్చింది. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, సారు చెడ్డవాడు కాదు. తరగతి నిండా పిల్లలు కుడి చేత్తో రాస్తుంటే ఈ ఒక్క పిల్లకేమొచ్చిందని ఆయన వాదన. సాధన చేస్తే మారుతుందన్నాడు. నాయనమ్మ ఆయన బల్ల మీద తన రెండు చేతులూ పెట్టింది.

"తినేకాడ మారింది సారూ, కుట్టేకాడ మారలే. ముసల్దాన్నయిన, ఇంక ఎప్పుడు మారుతది? దీని చెయ్యి పరీక్ష దినం దాంక మారుతదా?"

సారు ఆ చేతులను చూశాడు, మచ్చనూ చూశాడు. నా పెన్సిలు తెచ్చి బల్ల మీద పెట్టి, నీకు ఏది వాటమైతే దానితో తీసుకో అన్నాడు. నేను తీసుకున్నాను.

పరీక్ష రోజు పెన్ను కాగితం మీద పరుగెత్తింది. ఇన్నాళ్ళూ తలలో ఇరుక్కుపోయిన జవాబులన్నీ తోసుకుంటూ బయటికొచ్చాయి. గంట కొట్టేసరికి అంతా రాసేసి, దర్జాగా చుట్టూ చూస్తూ కూర్చున్నాను. రాసిన అక్షరాల మీద ఒరుసుకుంటూ పోయి నా ఎడమ అరచేతి అంచంతా సిరా అయింది. గేటు దగ్గర నాన్న ఎదురుచూస్తున్నాడు. ఎట్ల రాసినవని అడగలేదు, నా సిరా చేతిని చూసి దాన్నే పట్టుకొని కారు దాకా నడిపించాడు.

సీటు వచ్చింది. ఎప్పుడూ గొంతు పెంచని మా నాన్న సందు మొదట్లోంచే కేకలు వేసుకుంటూ వచ్చాడు. అమ్మ చీపురు పట్టుకునే గంతులు వేసింది. పక్కింటి అక్క నన్ను ఎత్తుకొని గిరగిరా తిప్పింది. నాయనమ్మ బూందీ చేసి వాకిలంతా పంచి, మిగిలింది డబ్బాలో పోసుకొని సారు ఇంటికి వెళ్ళింది. "మా మొద్దు పిల్ల సీటు తెచ్చింది సారూ, నోరు తీపి చేసుకోండ్రి" అని కుడి చేత్తోనే ఇచ్చింది. మర్యాద మర్యాదే. సారు నవ్వి, రెండు చేతులా అందుకున్నాడు.

నేను ఆ అక్క చదివిన చదువే చదివాను. ఇప్పుడు రాయదుర్గం మెట్రో స్టేషను దగ్గర చిన్న గదిలో కూర్చొని పిల్లలను చూస్తాను. కోకాపేట మేడల నుంచి తల్లిదండ్రులు వస్తారు. వాడిది వాళ్ళ నాన్న పోలికండి, మార్చలేం అని ఒకరు. ఫోను చేతికిచ్చి మేమే చెడగొట్టామండి అని ఇంకొకరు. పుట్టుకా, పెంపకమా చెప్పమని నన్ను నిలదీస్తారు. సగం మారేది, సగం మారనిది కలిసి ఒకే ఒంట్లో ఉండటం నేను కళ్ళారా చూశాను కాబట్టి నాకు తొందర లేదు. ముందు పెద్దవాళ్ళను బయట కూర్చోమంటాను. పిల్లవాడి ఎదురుగా నేల మీద కూర్చొని, మనం ఆడుకుందాం, నువ్వు ఆడుతుంటే నేను నిన్ను చూసి తెలుసుకుంటాను, నీకు ఇష్టమేనా అని అడుగుతాను. కొందరు తల అడ్డంగా ఊపుతారు. బయట వాళ్ళ నాన్న గడియారం చూసుకుంటాడు. అయినా సరే, ఆ పిల్లవాడు ఊఁ అనేదాకా నేను ఆట మొదలుపెట్టను.