ముందే పెట్టిన సంతకం

దస్తావేజులు రాసే ఆయన ముప్పయ్యేళ్లుగా కనిపించిన ప్రతివారికీ ఒకటే ఉపదేశం చేసేవాడు: ఇచ్చేవాళ్లు ఇస్తే చాలదు, వాళ్లు బతికుండగానే పుచ్చుకునేవాళ్లు ఒప్పుకోవాలి, లేకపోతే దానం చెల్లదు.

అందుకే పిన్ని ఫోన్ చేసి, "వీధివైపు గది రాసిచ్చేస్తాన్రా, కాగితం తయారుచెయ్" అనగానే, పిల్లల్లేని ఆవిడకు తను కాక ఇంకెవరున్నారని, పుచ్చుకునేవారి చోట తన పేరే రాశాడు. "సంతోషముగా స్వీకరించితిని" అన్న వాక్యం కింద సంతకం కూడా పెట్టి పట్టుకెళ్లాడు. చట్టం దగ్గర ఆలస్యం పనికిరాదు కదా.

పిన్ని కళ్లజోడు సవరించుకుని చివరిదాకా చదివింది.

"ఇదేంట్రా, నీ పేరుంది? నేనిచ్చేది ఆ గదిలో బట్టలు కుట్టుకునే పిల్లకి. మంచాన పడ్డ ఆర్నెల్లూ నన్ను చూసింది తనేగా. నువ్వెప్పుడొచ్చావ్?"

ఆయనకు తల కొట్టేసినట్టయింది. "ఏదో అలవాటులో రాసేశాను పిన్నీ."

"సంతకం కూడా అలవాటేనా?"

వీధి గదిలో కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. ఆయన తలెత్తకుండా కొత్త కాగితం రాశాడు. ఆ పిల్ల వచ్చి, "నిజంగా నాకేనా అమ్మా?" అని రెండుసార్లు అడిగాకే పెన్ను పట్టుకుంది. ముప్పయ్యేళ్ల ఉపదేశంలో ఆ ప్రశ్న ఎక్కడా లేదు.

"పక్కింటావిడ ఒక సాక్షి, ఇంకో సాక్షి కావాలి. సంతకాలంటే నీకు సరదా కదా, పెట్టు," అంది పిన్ని.

పెట్టాడు. అక్షరాలు వంకర్లు పోయాయి.