ఎదురింటి ఫ్రిజ్‌లో కొరమీను

మళ్ళీ ధ్యానానికి వెళ్ళాలని నాకు అనిపించింది కంకిపాడులో బంధువుల ఇంట్లో పెళ్ళి ఆల్బమ్ చూస్తున్నప్పుడు. ఫొటోల్లో అందరూ నవ్వుతున్నారు. నేను మాత్రం ప్రతి ఫొటోలోనూ కనుబొమలు ముడిచి పక్కకి ఎటో చూస్తున్నాను. మా వారు కళ్ళజోడు సవరించుకుని దగ్గరగా చూశారు.

"ఇక్కడేం చేస్తున్నావు, క్యాటరింగ్ వాడి ప్లేట్లు లెక్కపెడుతున్నావా?"

నిజంగానే లెక్కపెడుతున్నాను. ఆ రోజు వాడు ఒప్పుకున్నదానికంటే తక్కువ తెచ్చాడు, కనిపెట్టింది నేనే. కానీ పెళ్ళికూతురు తలంబ్రాలకి ఏ రంగు చీర కట్టుకుందని మా కోడలు అడిగితే చెప్పలేకపోయాను.

నేను ఉయ్యూరు వైపు పంచదార ఫ్యాక్టరీలో లెక్కల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. చెరకు బండి తూకం దగ్గర్నుంచి రైతుకి వెళ్ళే చెక్కు దాకా తప్పు ఎక్కడుందో వెతకడమే నా పని. ఉద్యోగం అయిపోయింది కానీ వెతకడం అవలేదు. పచ్చడి జాడీ మీద తేదీ రాస్తాను. గ్యాస్ బండ ఎప్పుడు మార్చామో, పాలవాడు ఏ రోజు నాగా పెట్టాడో అడిగితే చెబుతాను, అడక్కపోయినా చెబుతాను. దీనివల్ల మా ఇల్లు సక్రమంగా నడుస్తుంది. సంతోషంగా నడుస్తుందని మాత్రం ఎవరూ అనరు.

ఉద్యోగంలో ఉన్నప్పుడే ఒకసారి పది రోజుల ధ్యాన శిబిరానికి వెళ్ళాను. బుద్ధుడు నేర్పిన పద్ధతి. వచ్చే ఊపిరినీ పోయే ఊపిరినీ గమనించాలి. తర్వాత ఒంట్లో పుట్టే వేడినీ నొప్పినీ దురదనీ తరిమేయకుండా, పట్టుకోకుండా ఊరికే చూడాలి. ఇంటికొచ్చాక కొన్నేళ్ళపాటు రోజూ కూర్చున్నాను. నా జీవితంలో తేలికైన ఏళ్ళు అవి. ఎండాకాలం వెళ్ళాక బ్యారేజీ దగ్గర నీళ్ళు వదిలితే బందరు కాలువలో మొదటి నీరు చెత్తనంతా తోసుకుంటూ వస్తుంది, జనం గట్టుమీద నిలబడి చూస్తారు. నాకు లోపల అలా ఉండేది. తర్వాత అత్తగారి జబ్బు, అబ్బాయి చదువు. ముందు ఒక పూట మానేశాను, తర్వాత ఒక వారం, ఆ తర్వాత పద్నాలుగేళ్ళు.

కంకిపాడు నుంచి వచ్చిన మర్నాడే శిబిరానికి పేరు ఇచ్చాను. సీటు ఖాయమైందని ఫోన్‌లో మెసేజ్ వచ్చినప్పుడు నా గుండె ఎంత కొట్టుకుందంటే, ఉద్యోగం వచ్చినప్పుడు కూడా అంత కొట్టుకోలేదు. సంచీ రెండుసార్లు సర్ది, రెండుసార్లు విప్పాను.

"పది రోజులు మాట్లాడకుండా ఉండాలట కదా," అన్నారు మా వారు. "నువ్వు బస్టాండ్ దాటేలోపే కండక్టర్‌కి చిల్లర లెక్క చెప్తావు."

"చూస్తూ ఉండండి," అన్నాను.

కార్తీకమాసం చివర్లో వెళ్ళాను, మార్గశిరం వచ్చాక తిరిగొచ్చాను. శిబిరం గురించి ఎక్కువ రాయను. మోకాళ్ళు కుర్చీ అడిగాయి, ఇచ్చారు. మొదటి రోజుల్లో వంటవాళ్ళు పప్పులో నీళ్ళెక్కువ పోశారని మనసులో చాలా వాదించాను. ఏడో రోజో ఎనిమిదో రోజో, అన్నిటికీ తేదీ చెప్పే నేనే రోజు సరిగ్గా చెప్పలేకపోతున్నాను, పాత నీళ్ళు మళ్ళీ కాలువలోకి వచ్చాయి.

ఇంటికొచ్చాక తెల్లవారుజామున లేచి, చన్నీళ్ళతో తలస్నానం చేసి, తెల్ల నేతచీర కట్టుకుని గంటసేపు కూర్చోవడం మొదలుపెట్టాను. సాయంత్రం మరో గంట. రాత్రి అన్నం మానేసి పాలు తాగేదాన్ని. చేతికున్న రెండు గాజులు తప్ప బంగారం తీసేశాను, కూర్చున్నప్పుడు మెడలో గొలుసు అడ్డమని.

ఆ వారంలో జరిగినవి నేను నమ్మలేకపోయాను. కోడలికి ఏది చెప్పినా "సరే అత్తయ్యా" అంటోంది. అంతకుముందు "మొన్న మీ లెక్కే తప్పింది కదత్తయ్యా" అనకుండా ఉండేది కాదు. మా వారు టీవీలో వార్తల చర్చలు చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూస్తున్నారు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో యంత్రాల మధ్య ఉద్యోగం చేసిన మనిషి, ఆయన మామూలుగా పెట్టుకునే సౌండు పక్క వీధికి వినిపిస్తుంది. పనమ్మాయి నా బట్టలు విడిగా ఉతికి, విడిగా ఆరేస్తోంది. అన్నిటికంటే వింత ఒకరోజు కాఫీ దగ్గర జరిగింది.

"తీసుకోండి," అన్నారు మా వారు, గ్లాసు నా ముందు పెట్టి.

పెళ్ళయిన నాటినుంచి ఆయన నన్ను నువ్వు అనే అన్నారు.

నాకు కళ్ళు చెమర్చాయి. శిబిరం చివరి రోజున మన మంచి సకల జీవులకూ పంచాలని చెబుతారు. నేను పంచింది బెజవాడలో మా ఇంటిదాకా వచ్చిందనుకున్నాను. ఇంత త్వరగా, ఇంత స్పష్టంగా ఫలితం కనిపించే పని నా సర్వీసు మొత్తంలో చూడలేదు. ఆ వారమంతా కూనిరాగాలు తీస్తూ తిరిగాను.

తర్వాత ఎదురింటావిడ వచ్చింది. గుమ్మంలోనే చెప్పులు విడిచి, కొబ్బరికాయ నా చేతిలో పెట్టి, వంగి నా కాళ్ళకి దండం పెట్టింది. నాకంటే రెండేళ్ళు చిన్న, అంతే.

"విరమణ ఎప్పుడండీ?" అంది.

"దేనికి?"

"మీ దీక్షకండీ. కొండమీద అమ్మవారి దగ్గరికేనా, లేకపోతే అమరావతి వెళ్తారా? బుద్ధుడిది కదా. తొందరేం లేదు. మా ఫ్రిజ్‌లో మీ కోడలు పెట్టిన కొరమీను డబ్బా ఉంది, మా అక్కయ్యవాళ్ళు వస్తున్నారు, చోటు లేక అడుగుతున్నా."

అప్పుడు అర్థమైంది. ఆ రోజుల్లో మా ఊళ్ళో వీధి వీధినా ఎర్ర బట్టల భవానీలు. అమ్మవారి మాల వేసుకున్నవాళ్ళతో ఇంట్లో ఎవరూ వాదించరు, మీరు అనే పిలుస్తారు, నీచు ఇంట్లోకి రానివ్వరు, బట్టలు కలపరు. చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం, తెల్ల చీర చూసి మా వాళ్ళు నాది కూడా అలాంటి మాలే అనుకున్నారు. మెడలో మాల కనిపించకపోతే, బుద్ధుడికి మాల ఉండదేమో అనుకున్నారట. అడిగితే దీక్షకి భంగమని అడగలేదు.

మా కోడలిది కొల్లేరు వైపు చేపల వ్యాపారం చేసే కుటుంబం. కార్తీకమాసమంతా ఓర్చుకుంది పాపం. నెల అయిపోయి, నేను తిరిగొచ్చాక వాళ్ళ నాన్న కొరమీను పంపితే, నా దీక్షకి భయపడి దాన్ని ఎదురింట్లో దాచింది.

ఎదురింటావిడని సాగనంపి కుర్చీలో కూర్చున్నాను. నా సంతోషంలో నాదెంత, వాళ్ళ భయభక్తులదెంత? అసలు నాది ఏమైనా ఉందా? మండలం అంటే నలభై రోజులు పైనే, నేను నోరు మూసుకుంటే ఇంకా చాలా రోజులు ఇల్లు ఇలాగే ఉంటుంది. చాలా ఆశ పుట్టింది. కానీ తప్పుడు జమ చూపించి నిల్వ ఎక్కువుందని మురిసిపోవడం నాకు చేతకాదు. ఎవరూ ఎదురుచెప్పని ఇంట్లో ప్రశాంతంగా ఉండడానికి పది రోజులు కళ్ళు మూసుకోవడం ఎందుకు?

వంటింట్లోకి వెళ్ళాను.

"నేను ఏ దీక్షా తీసుకోలేదమ్మా. చేప తెచ్చుకుని వండుకో."

కోడలు గరిటెతోనే ఇటు తిరిగింది. "నిజంగానా అత్తయ్యా?"

"నిజంగానే."

"మరి ఉల్లిపాయలు?"

"వేసుకో."

హాల్లోంచి మా వారి గొంతు వినిపించింది. "అయితే నేను ఇన్ని రోజులూ నిన్ను 'మీరు' అన్నది దండగేనా?"

"బాగుంది, కావాలంటే కొనసాగించండి," అన్నాను.

"నీకంత సీను లేదు," అన్నారు, ఇయర్‌ఫోన్లు పీకేస్తూ.

ఆ మధ్యాహ్నానికి ఇల్లు ఇల్లయింది. చేపల పులుసు వాసన, టీవీలో నలుగురు ఒకేసారి అరవడం. భోజనాల దగ్గర మా వారు మేము ఈ ఇంటికి ఎప్పుడు మారామో చెబుతూ ఏడాది తప్పు చెప్పారు. దిద్దాను. కాదన్నారు. రిజిస్ట్రేషన్ కాగితం తెస్తానన్నాను.

"కాగితంలో తప్పు పడుంటుంది," అన్నారు.

కాగితంలో తప్పు. నా ఎదురుగా కూర్చుని, నా కాగితంలో. కోడలు నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళ కోసం లేచింది. వారం రోజులుగా దాచిపెట్టినవన్నీ కలిపి నేను అన్న మాటలు ఇక్కడ రాయను. చివరికి సగం కంచంలో చెయ్యి కడుక్కున్నాను. అంతే, అయిపోయింది అనుకున్నాను. పద్నాలుగేళ్ళ తర్వాత వెళ్ళి తెచ్చుకున్నది ఒక్క పులుసు ముద్దకి పోయింది.

సాయంత్రం కూర్చోవాలా వద్దా అని తచ్చాడి, సరే, కూర్చున్నాను. తలుపు అవతల టీవీ మోగుతూనే ఉంది. ఊపిరి వేడిగా వస్తోంది. దవడ బిగిసింది, చెవులు కాలుతున్నాయి. కాగితంలో తప్పట. నేర్పినట్టే ఆ వేడిని చూస్తూ ఉన్నాను. కాసేపటికి అది చెవుల్లోంచి జారి మెడలోకి వచ్చింది. మెడలో కొంచెం గింజుకుంది. మళ్ళీ దాని కోసం వెతికాను, నా అలవాటు కొద్దీ మూలమూలా వెతికాను. లేదు.

నాకు ఎంత ఆశ్చర్యమేసిందంటే గంట పూర్తికాకముందే కళ్ళు తెరిచాను. మా ఇద్దరికీ ఇలాంటి గొడవైతే నేను వారం మాట్లాడను. ఒకసారి దీపావళికి మానేసిన మాట నాగుల చవితి దాటాక కలిసింది. ఇప్పుడు మధ్యాహ్నం పుట్టినది సాయంత్రానికి లేదు. ఎవరూ బతిమాలలేదు, ఎవరూ 'మీరు' అనలేదు, టీవీ సౌండు కూడా తగ్గలేదు. ఇది నాదే.

ఆగలేక హాల్లోకి వెళ్ళాను.

"పోయిందండీ."

"ఏం పోయింది? కరెంటు ఉందిగా," అన్నారు, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

"కోపం. మీ మీద కోపం. పూర్తిగా పోయింది."

ఆయన సౌండు తగ్గించి నా మొహంలోకి అనుమానంగా చూశారు. "అంటే నేను చెప్పిన ఏడాదే కరెక్టంటావా?"

"కాదు," అన్నాను ఆయన పక్కన కూర్చుంటూ. "నేను చెప్పిందే."