పదకొండు పొద్దుల సంతకం

నా కొలువు ఏందో చెప్పాలంటే నాకే విసుగు. తరిగొప్పులలో మా పెదనాయిన "దేశాలోళ్లు కొట్లాడుకుంటాంటె నువ్వు అంకెలు అందిస్తవా?" అని ఇప్పటికీ ఎక్కిరిస్తాడు. అదీ అంత తప్పేం కాదు. వాతావరణం మారుతోందని దేశాలన్నీ బేరాలకు కూర్చునే ముందు, శాస్త్రవేత్తల సలహా సంఘాలు వాళ్ల ముందు నివేదికలు పెడతాయి. ఎవరు ఎంత పొగ తగ్గించుకోవాలో ఆ సంఘాలు చెప్పవు. వేడి ఎంత పెరిగింది, ఇట్లాగే పోతే ఏమవుతుంది, ఆ మాటను ఎంతవరకు నమ్మొచ్చు, అంతవరకే చెబుతాయి. ఆ నివేదికల అడుగున ఎక్కడెక్కడి ఊళ్లవో పాత రిజిస్టర్లుంటాయి. వాటిలో తప్పుడు అంకెలు ఏరి పారేయడం నా పని. జనగామలో ఒక గదిలో కూర్చుని ఏరుతుంటాను. ఈ పనిలో నాకు దయాదాక్షిణ్యం లేదని ఆఫీసులో పేరు. ఆ పేరంటే నాకు లోపల్లోపల గర్వం కూడా.

గంగారంలో, అడవి పక్కన, ఒకాయన పెరట్లో తెల్ల చెక్కపెట్టె ఉంది. దాన్లో థర్మామీటర్లు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు చూసి రాయాలి. ఆయన బడిలో అటెండరు. ఇరవై ఏండ్లకు పైగా ఒక్క పొద్దు తప్పలేదు. నెలాఖరున బడిపంతులు పేజీలు ఫొటో తీసి పంపిస్తాడు. మొన్న చలికాలంలో ఫొటోలతో పాటు నా పేరు మీద ఒక ఉత్తరం కూడా వచ్చింది, ఆయన చనిపోయాడని. ఉత్తరంలో తేదీ, రిజిస్టర్‌లో తేదీలు పక్కపక్కన పెట్టి చూశాను. ఆయన పోయిన మర్నాటి నుంచి నెలాఖరు దాకా పదకొండు పొద్దుల అంకెలున్నాయి. అదే చేతిరాత. ప్రతి అంకె పక్కన ఆయన సంతకం.

ఎవరో కల్పించి రాశారనుకున్నాను. కల్పించిన అంకెలు నా కళ్లకు ఇట్టే దొరుకుతాయి. ఆ దిక్కునే ఉన్న డోర్నకల్ కేంద్రం అంకెలతో పోల్చి చూశాను. ఆ పదకొండు రోజుల మధ్యలో ఒకనాడు అకాల వాన పడి వేడి ఒక్కసారిగా దిగింది. పోయినాయన రాసిన అంకె కూడా దిగింది, అడవి ఊరికి ఎప్పుడూ ఉండే తేడాతో సహా. పట్టపగలు, పక్క బల్ల మీద ఇద్దరు చాయ్ తాగుతుండగా, నా ఒళ్లు జలదరించింది.

మహబూబాబాద్ దాకా రైల్లో పోయి, ఆ రాత్రి అక్కడే పడుకుని, తొలి బస్సుకు గంగారం చేరాను. మంచు ఇంకా విడవలేదు. ఆయన భార్య, తల మీద కొంగు కప్పుకున్న ముసలమ్మ, నీళ్లిచ్చి గడపలో కూర్చుంది. పక్కిల్లు మరుదులదట. ఆయన పోయాక ఎవరు రాశారని అడిగాను. ఆమె పక్కింటి గోడ వంక చూసి గొంతు తగ్గించింది.

"ఆయినే రాసిండు."

"ఆయన పోయిండు కదవ్వా?"

"పోయినంక గూడ ఒచ్చిండు బిడ్డా. పొద్దుగాల గా పెట్టె కాడ నిలవడుతుండె. మందికి ఇడమర్చి చెప్తె ఎవలు నమ్ముతరు?"

నేను నమ్మను. కానీ మంచులో ఆ తెల్ల పెట్టె తలుపు కొద్దిగా తెరిచి ఉంది, గాలి లేకపోయినా కదులుతున్నట్టే అనిపించింది. అటు చూడబుద్ధి కాలేదు.

ఎనిమిదిన్నర కావస్తుంటే ఆమె చేతులు కుదురుగా ఉండలేదు. కొంగు నలిపింది, గడియారం లేని గోడను చూసింది, చివరికి ఎవరో పిలిచినట్టు లేచి పెట్టె దగ్గరికి పోయింది. ఊపిరి తగలకుండా మొహం పక్కకు పెట్టి, కళ్లు గాజుగొట్టం ఎత్తుకు తెచ్చి చూసింది. తర్వాత థర్మామీటరును మెల్లగా వంచి, రాత్రి చలిని గుర్తుంచే లోపలి సన్నపుల్లను మళ్లీ మొదటికి తెచ్చింది. ఆ పని సరిగ్గా చేయడం మా ఆఫీసులోనే సగం మందికి రాదు. రిజిస్టరు తెరిచి అంకె వేసింది. పక్కన, నేను చూస్తుండగానే, పోయినాయన సంతకం పెట్టింది.

"అవ్వా, ఎన్నాళ్ల నుంచి?"

"మొదటిసంది నేనే. ఆయినకు గప్పుడే బడి తాళం తీసే యాళ్ల. నాకు సదువు రాదు. అంకెలు నేర్పిండు, సంతకం నేర్పిండు. ఆయిన పోయినంక పదకొండొద్దులు ఇంట్ల అంటు ఉండె. నేను గడప దాటొద్దు, ఏదీ ముట్టొద్దు. ఎవలు లేవకముందే పోయి పెట్టె ఎనక చాటుకు కూసొని, యాళ్లయినంక చూసి రాస్తి. పక్కింటి మా పాలోళ్లకు తెలిస్తె ఇంటికి అరిష్టం తెచ్చినవని నన్ను బతకనియ్యరు. పోయినోడు రాసిండంటె ఎవలేమంటరు?"

నేను రిజిస్టరు తప్పని పట్టుకోవడానికి వచ్చాననుకోలేదు ఆమె. అంటు పాటించలేదని పట్టుకోవడానికి వచ్చాననుకుంది. అందుకే మొగుణ్ని దయ్యాన్ని చేసింది.

మా నియమం నాకు తెలుసు. నమోదు కాని మనిషి చదివిన అంకెలంటే ఆ కొలతల కేంద్రం మొత్తాన్నీ అనుమానపు జాబితాలో వేస్తారు. ఈ అడవి దిక్కున ఇంత పాత రిజిస్టరు ఇదొక్కటే. నిజం రాస్తే ఇరవై ఏండ్ల పొద్దులు పోతాయి, ఆమె సంగతి గోడ దాటుతుంది. ఆ అంకెల్లో ఒక్కటీ అబద్ధం లేదు. అబద్ధమంతా సంతకంలోనే ఉంది.

నా ఫారంలో ఒక గడి ఉంది: "చదివే వ్యక్తి మారారా?" అక్కడే అరుగు మీద కూర్చుని "మారలేదు" అని రాశాను. పైన అచ్చయిన పోయినాయన పేరు కొట్టేయలేదు. నా ఉద్యోగంలో తెలిసి వదిలిన అబద్ధం అదొక్కటే. రాస్తుంటే సిగ్గుగా అనిపించింది.

ఏం రాసినవని అడిగింది. చదివి వినిపించాను. రేపు కూడా ఆయన సంతకమే పెట్టాలని, ఎవరడిగినా నేనే పెట్టమన్నానని చెప్పమని అన్నాను. ఎప్పటికైనా నీ పేరు రాయిస్తానని కూడా అన్నాను.

"నా పేరెందుకు బిడ్డా," అంది. "ఆయిన దినాలు చేసిండ్రు, పెట్టిపోతలయినయి, అందరు మరిసిండ్రు. గీ కాయితంల మాత్రం ఇంకా పొద్దుగాల లేస్తండు."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఆమె మాత్రం రిజిస్టరు మూసి, చంకలో పెట్టుకుని, పక్కింటోళ్లు ఇటు చూడకముందే లోపలికి పోయింది.