తుమ్మి మొక్కా, గోడమీది నాచూ

మొన్న వానకు మా పెరటిగోడంతా పచ్చగా నాచు పట్టి ఉంటే, మనవరాలు దానికి వీపు పెట్టి కూర్చుని పూలమొక్కకూ నాచుకూ తేడాలేమిటో ఫోనులో చూసి బట్టీ పడుతుంటే నాకు ఒళ్లు మండింది. ఆ మంట పిల్లమీద కాదనీ, ఎన్నో ఏళ్ల కిందటిదనీ కాసేపటికిగాని తెలియలేదు.

అప్పట్లో నేను తెలంగాణ సరిహద్దుకు అవతల, ఉసూర్ దగ్గరి ఒక పల్లె బడిలో కొత్తగా చేరిన పంతులమ్మను. పాఠాలేమో హిందీలో, పిల్లల ఇళ్లలోనేమో తెలుగు, దోర్లీ, గోండీ. అందుకని వానాకాలమంతా వాళ్లను బయటికి తీసుకుపోయి, మొక్కల్ని చేతికిచ్చి చదువు చెప్పేదాన్ని. మా పక్కింటి వదిన కూతురు తుమ్మి మొక్కను వేళ్లతో సహా పీకి, గోడమీది నాచును గోటితో గీకి, రెండూ పక్కపక్కన పెట్టుకుని తిండి ధ్యాస కూడా లేకుండా చూసేది.

ఒకరోజు తనిఖీకి వచ్చిన అధికారి సరిగ్గా ఈ తేడాలే హిందీలో అడిగితే నేను తెలుగులో చెప్పాను. పిల్ల రెండింటినీ చేత పట్టుకుని లేచింది.

"తుమ్మికి ఏరుంటది, పువ్వు పూస్తది, ఇత్తనమైతది సార్. దీనికి అసలు ఏరు లేదు, పువ్వు లేదు. ఈ సన్న కాడల కొసకు బుడిపెలున్నయ్ జూడుండ్రి, అండ్ల పొడి రాలి మళ్లీ మొలుస్తది."

ఆయన పూర్తిగా విననైనా లేదు. హిందీ రానిదానివి బడికెందుకు, పొలం పనికి పో అని హిందీలోనే అని నవ్వాడు, పక్కనున్న మా బడి పెద్దసారూ నవ్వాడు. ఆ హిందీ మాత్రం పిల్లకు బాగానే అర్థమైంది. నేను ఊరుకోలేక, ఆమె చెప్పినదాంట్లో తప్పేమీ లేదు, అర్థం కాకపోతే నన్నడగండి అన్నాను.

మర్నాడు పిల్ల బడికి రాలేదు. పిలుచుకురావడానికి వెళ్తే వదిన గుమ్మంలో నిలబడి, "ఏంది వదినా, నా బిడ్డ చెప్పింది నిజమేనంటివి, మరి ఎందుకు నవ్విండ్రు?" అంది. కొన్నాళ్లు బతిమాలి మా ఇంటి అరుగు మీద చదివించాను. ఇంతలో ఆ ఎదురుమాటకు ఫలితంగా నన్ను పామేడు వైపు బదిలీ చేయడంతో అదీ ఆగిపోయింది.

చాలా ఏళ్లకు మద్దేడ్ సంతలో ఆ పిల్లే "అత్తా!" అంటూ ఆప్యాయంగా ఎదురొచ్చింది. మిరపకాయలు ఏరే కూలికి తెలంగాణ పోతున్నామంది.

ఇప్పుడు రోడ్లు పడ్డాయి, బడులకు రంగులు వచ్చాయి, పిల్లలకు ఇంటి భాషలోనే చదువు చెప్పాలని పెద్దలు సభల్లో మాట్లాడుతున్నారు. వింటే సంతోషించాలి గదా, నాకు మాత్రం కోపమే వస్తుంది. అప్పుడు నవ్వులపాలై బడి మానిన పిల్లలు ఇంకా కూలిపనుల్లోనే ఉన్నారు, తప్పు మాదేనని వాళ్లతో ఇంతవరకూ ఎవరూ అనలేదు.