బోణీ వేళ హోటల్ కార్డు

చందా కట్టి ఒక హోటల్ మెంబర్‌షిప్ కార్డు కొన్నాను. ఏ ఊళ్ళో చూపించినా గది అద్దెలో పావువంతు తగ్గుతుందని చెప్పి అంటగట్టారు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతికీ వస్తున్న రోజులవి. మందుల కంపెనీ పనిమీద బెజవాడ నుంచి కడప వెళ్ళి, పొద్దున్నే రైలు దిగి, ఆ కార్డు చెల్లే హోటల్‌కి నడిచాను.

కౌంటర్ దగ్గర యజమాని శెట్టిగారు దేవుడి పటానికి అగరుబత్తి వెలిగిస్తున్నారు. కార్డు అందించాను. ఆయన ముట్టుకోలేదు.

“అది జేబులో పెట్టుకోప్పా. కార్డు తెచ్చేవాళ్ళకు ముందు రేటు పెంచి, ఆనక తగ్గిస్తాం. అది లేకుంటేనే నీకు తక్కువ పడతాది.”

కార్డు వెనక్కి తీసుకున్నాను. “మీ గుట్టు మీరే చెప్పేస్తున్నారేంటండీ?” అన్నాను.

“ఈ పొద్దు బోణీ నీదే గదప్పా. బోణీ బేరంలో అబద్ధమాడితే దినమంతా యాపారం ఏం బాగుంటాది?”

బోణీ మా బెజవాడ బజార్లోనూ ఉంది. అక్కడ అది కొనేవాణ్ణి వట్టి చేతులతో పోనివ్వకుండా పట్టుకోవడానికి. అమ్మేవాడి నోటిని కట్టేసే బోణీని మాత్రం కడపలోనే చూశాను. ఆ మనిషికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. మళ్ళీ ఆ కార్డుకి చందా కట్టలేదు.

ఇంకోసారి రైలు ఆలస్యమై, సాయంత్రం చేరాను. శెట్టిగారు నన్ను గుర్తుపట్టి, మంచినీళ్ళిచ్చి, రేటు చెప్పారు. పోయినసారి కంటే బాగా ఎక్కువ. ఇదేమిటన్నట్టు చూశాను.

ఆయన హాయిగా నవ్వారు. “ఇప్పుడు నువ్వు బేరమాడాలప్పా. పొద్దున్నే బోణీకి వచ్చింటే అసలు రేటు నేనే చెప్పింటా.”