గ్లాసులు కడిగే అధ్యక్షుడు

ఓదెలన్న పోయిన కబురు నేను బడిలో ఉండగా వచ్చింది. రేకుల డబ్బాలు చేసే యూసుఫ్ భాయ్ గుమ్మం బయట సైకిల్ పట్టుకొని నిలబడి, "పొద్దుగాల డ్యూటీకని లేపితే లేవలేదంట పంతులూ. నిద్రలనే పానం పోయింది" అన్నాడు. నేను వెనక్కి తిరిగి, నల్లబల్ల మీద సగంలో ఆగిన వాక్యం పూర్తిచేసి, చేతులు దులుపుకొని, అప్పుడు బయలుదేరాను. ఆ వాక్యం ఎందుకు పూర్తిచేశానో తెలియదు. ఆయనకు యాభై దాటి ఎంతో కాలం కాలేదు. కిందటి ఆదివారమే నాతో గట్టిగా పోట్లాడాడు.

మరునాడు మా గోదావరిఖనిలోని సేవా సంఘంవారు సంతాప తీర్మానం చేసి, అచ్చు వేయించి, చౌరస్తాలో అంటించారు. అందులో ఓదెలన్న అజాతశత్రువు, మృదుభాషి, అందరివాడు. మంచి ఉద్దేశంతోనే రాసి ఉంటారు. కాని ఆ మూడు మాటల్లో ఒక్కటీ నిజం కాదు. ఓదెలన్నకు శత్రువులు ఉండేవారు. పట్టపగలు, నలుగురి ముందు, తెలిసి సంపాదించుకున్న శత్రువులు. ఆయన పేరు పక్కన ఆ మాటలే మిగిలిపోకూడదని ఇది రాస్తున్నాను.

ఆయన భూగర్భ గనిలో ఫిల్లరు. పేల్చిన బొగ్గును చెమ్మసు పారతో తట్టకెత్తి టబ్బు బండ్లలో నింపే పని. గోదావరి ఒడ్డు పల్లెలో తోలుపని చేసుకునే కుటుంబం నుంచి వచ్చాడు. సేవా సంఘంలో అప్పటికి వ్యాపారులు, ఆఫీసు ఉద్యోగులు, మాలాంటి బడిపంతుళ్ళు ఉండేవారు. కార్మికుడు ఒక్కడైనా ఉంటే బాగుంటుందని ఆయనను చేర్చుకున్నారు. సంఘం మంచి పనులు చేయలేదని నేను అనను. కంటి వైద్య శిబిరాలు పెట్టింది. జబ్బుపడినవాళ్ళను కరీంనగర్ దవాఖానకు చేర్చింది. పిల్లలకు పలకలు పంచింది. అధ్యక్షుడు నారాయణ సేటు బట్టల దుకాణం మేడ మీద ప్రతి ఆదివారం సాయంత్రం ఐదింటికి సమావేశం జరిగేది. ఆ వారం తాను చేసిన సేవ ఏమిటో ఒక్కొక్కరూ లేచి చెప్పాలి. మిగిలినవారు చప్పట్లు కొట్టాలి. మొదటిసారి తన వంతు వచ్చినప్పుడు ఓదెలన్న లేచి, "బొగ్గు నింపిన. ఇగ మీరు చెప్పుండ్రి" అని కూర్చున్నాడు. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తోచలేదు.

కార్మికుల లైన్లలో మోరీలు శుభ్రం చేయాలని ఒకసారి తీర్మానించాం. అందరం తెల్లబట్టలతో వచ్చాం. పారలు పట్టుకొని వరుసగా నిలబడ్డాం. ఫోటో తీసేవాడు సిద్ధంగా ఉన్నాడు. మోకాలిలోతు మురుగులో నుంచి ఓదెలన్న తలెత్తి చూశాడు. "సేటూ, ఫోటో యాడికి పోదు. ముందుగాల మోరీల దిగు." సేటు దిగాడు. ఆ మాట కూడా చెప్పాలి. చెప్పులు విప్పి నిజంగానే దిగాడు. ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే బీడీకట్ట పంచుకొని కాల్చడం నేను చూశాను.

తగువు చలివేంద్రం దగ్గర వచ్చింది. ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం సేటు పనులు పంచుతున్నాడు. పందిరి వేయడం ఓదెలు. రంజన్లనే పెద్ద మట్టికుండల్లోకి నీళ్ళు మోయించడం నేను. వచ్చినవాళ్ళకు నీళ్ళు పోయడం సేటు దుకాణంలోని గుమాస్తాలు. ఆ రోజుల్లో చలివేంద్రాల్లో పొడవైన కట్టెకు బిగించిన ముంతతో పోసేవారు. తాగేవాడు ఎడంగా వంగి దోసిలి పట్టాలి. పోసేవాడి చేయి, తాగేవాడి చేయి ఎక్కడా కలవవు.

"నేను పందిరెయ్యచ్చుగని నీళ్ళు పొయ్యద్దా?" అని ఓదెలన్న అడిగాడు.

"నాకైతే ఏం లేదు ఓదెలూ. వచ్చేటోళ్ళు ఒప్పుకోవాలె గద" అన్నాడు సేటు.

"వచ్చేటోళ్ళల్ల సగం మంది బొగ్గుబాయిల నా సీసల నీళ్ళే తాగుతరు."

"బాయి లోపటి ముచ్చట వేరు. ఇది చౌరస్తా."

ఓదెలన్న పందిరి వేశాడు. చాలా బాగా వేశాడు. చలివేంద్రం తెరిచే రోజున మాత్రం, యూసుఫ్ చేత చేయించిన రేకు గ్లాసులను సంచిలో వేసుకొని వచ్చి, ఆ కట్టెముంతను మోకాలికేసి రెండు ముక్కలు చేశాడు. గ్లాసులు రంజన్ల పక్కన వరుసగా పెట్టాడు. సేటు వచ్చేసరికి చుట్టూ జనం.

సేటు గొంతు తగ్గించి మాట్లాడాడు. "సరే, గ్లాసులే పెడదాం. అందరు ఎంగిలి చేసిన గ్లాసులు ఎవలు కడుగుతరు? మా దుకాణపోళ్ళు కడుగరు. నువ్వు కడిగితే తాగెటోళ్ళుండరు. నువ్వే చెప్పు."

"ప్రెసిడెంటు కడుగుతడు."

"నేనా?"

"నువ్వు ప్రెసిడెంటువైతే నువ్వే. కాకుంటె ఎవలు కడుగుతరో ఆళ్ళే ప్రెసిడెంటు."

అని నీళ్ళ గోలెం ముందు పీట వేసుకొని కడగడం మొదలుపెట్టాడు. ఆ సాయంత్రమే మేడ మీద అత్యవసర సమావేశం పెట్టారు. రాజీనామా ఇస్తే గౌరవంగా ఉంటుందని సేటు నచ్చజెప్పాడు. "నేనెందుకిస్త? తీసెయ్యుండ్రి. ఎందుకు తీసేసిండ్రో గట్టిగ చదువుండ్రి, నేను వింట" అన్నాడు ఓదెలన్న. చదివేవరకు కదలలేదు. చదివారు. ఆయనతోపాటు మెట్లు దిగినవాడిని నేనొక్కడినే. కింద యూసుఫ్ సైకిల్‌కు ఆనుకొని నిలబడి ఉన్నాడు.

మరుసటి ఆదివారం ఐదింటికి రంజన్ల పక్కన నేల మీద మా సమావేశం జరిగింది. సంఘం ఎదురుగా రోడ్డుకు అవతల ఇంకో చలివేంద్రం పెట్టింది, కొత్త కట్టెముంతతో. మా వైపు ముగ్గురమే. "ముగ్గురు సాలదా మీటింగుకు?" అన్నాడు ఓదెలన్న. "సాలుతది. ఓదెలన్న మాట్లాడితే ఇద్దరం వినాలె. మేము మాట్లాడితే ఓదెలన్ననే మాట్లాడతడు" అన్నాడు యూసుఫ్. మాకు ఒకే నియమం: ఆ వారం గ్లాసులు కడిగినవాడే అధ్యక్షుడు. పోయిన వారం కడిగినవాడు ఈ వారం కడగకూడదు.

అందరికంటే ఎక్కువగా ఆయనను బాధపెట్టింది సేటు కాదు. ఆయన సొంత వాడలోని ఒక ముసలమ్మ. ఎండలో పుల్లలమోపుతో వచ్చి, ఆయన గ్లాసు అందిస్తే వెనక్కి జరిగి దోసిలి పట్టింది. "మాకొద్దు బిడ్డా, లొల్లయితది. గిట్లనే పొయ్యి." ఓదెలన్న ముఖం చూడలేక నేను రంజను వైపు తిరిగాను. వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. "గట్లనే తాగు అవ్వా. దోసిట్లనే పోసుకొని తాగు. గ్లాసు మాత్రం నీ చేతిలనే ఉండనీ." ఆమె గ్లాసు పట్టుకొని, అందులోంచి అరచేతిలోకి వంచుకొని తాగింది. ఆ వేసవి ముగిసేలోపు అదే ముసలమ్మ గ్లాసు సరిగా కడగలేదని నన్ను తిట్టింది. ఆ తిట్టు విని ఓదెలన్న నవ్వినట్లు మరెప్పుడూ నవ్వలేదు.

తన తోటి ఫిల్లర్ల విషయంలో మాత్రం ఆయనకు ఓపిక లేదు. షిఫ్టు దిగి, రోడ్డు అవతల దోసిలి పట్టబోతున్న ఒకతన్ని ఇవతలి నుంచే కేకేశాడు. "ఏం బావా, పొద్దంత నా సీసకు మూతివెట్టి తాగితివి. పైకొచ్చేవరకు మూతి మారెనా?" బస్సు కోసం నిలబడినవాళ్ళంతా చూశారు. ఆ మనిషి తల దించుకొని రోడ్డు దాటి వచ్చాడు. ఆ తర్వాత చాలామంది దాటారు. మూడో వేసవికి సంఘంవారు తమ పందిరి విప్పుకున్నారు. కాని ఆ బావ ఓదెలన్నతో మళ్ళీ మాట్లాడలేదు. అంత మాట అనాల్సింది కాదేమో అని నేనంటే, "ఆయనకు సిగ్గయింది. నాకు రోజు అయితది" అన్నాడు.

ఆయనతో స్నేహం సుఖంగా ఉండేది కాదు. ఎవరినీ మాట పూర్తిచేయనిచ్చేవాడు కాదు. పెళ్ళికి పిలిస్తే మొదట అడిగేది ముహూర్తం గురించి కాదు. "అన్ని కులాలకు తిండి బంతి ఒక్కటేనా, రెండా?" అని అడిగేవాడు. రెండు అంటే వచ్చేవాడు కాదు. పిలిచినవాళ్ళకు కోపం వచ్చేది. వస్తే రానీ అనేవాడు.

మా చివరి పోట్లాట కూడా ఇలాంటిదే. ఇప్పుడు అందరూ గ్లాసులతోనే తాగుతున్నారు గదా, చలికాలంలో కూడా ప్రతి ఆదివారం కూర్చోవడం ఎందుకు, నెలకొకసారి చాలదా అన్నాను. ఆయన తాగబోతున్న గ్లాసు దించాడు. "నీళ్ళు యాడన్న దొరుకుతయి పంతులూ. కడిగెటోడే దొరుకడు. గందుకే మీటింగు." నేను వాదించాను. ఆయన గెలిచాడని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. వినడానికి ఆయన లేడు.

మూడో రోజున నారాయణ సేటు ఓదెలన్న ఇంటికి వచ్చాడు. దండ తెచ్చాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళను నేను శంకించను. ఓదెలన్న భార్య మల్లవ్వతో నెమ్మదిగా చెప్పాడు.

"మల్లవ్వా, వచ్చే ఎండకాలం చౌరస్తాల ఓదెలు పేరు మీద మా సంఘమే చలివేంద్రం పెడతది. పేరు చెక్కిచ్చిన బండ పెడతం. రంజన్లకు నల్లాలు బిగిస్తం. దోసిలి పడితే సాలు. ముట్టుడు లేదు, కడుగుడు లేదు. ఎవలికి తక్లీఫ్ లేదు."

మల్లవ్వ అప్పటిదాకా గోడకు ఆనుకొని కూర్చుంది. తలెత్తి, "తక్లీఫ్ లేకుంటె ఆయన పేరెందుకు సేటూ?" అంది.

మల్లవ్వే మళ్ళీ అందుకుంది.

"ఆదివారం ఐదింటికి రాండ్రి. గోలెం కాడ కూసోండ్రి. నాలుగు గ్లాసులు కడుగుండ్రి. గప్పుడు బండ మీద ఏం రాసుకుంటరో రాసుకోండ్రి."

ఆ ఆదివారం కడిగే వంతు ఓదెలన్నది. ఏం చేయాలో మాకు తోచక గోలెం ముందు ఖాళీ పీట చూస్తూ నిలబడ్డాం. ఐదు కావస్తుండగా మల్లవ్వ వచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె మా సమావేశానికి రావడం అదే మొదలు. కొంగు నడుముకు దోపి పీట మీద కూర్చుంది. యూసుఫ్ గొంతు సవరించుకొని, "మీటింగు మొదలుపెట్టు ప్రెసిడెంటమ్మా" అన్నాడు. "గ్లాసులు కానియ్యి ముందుగాల" అంది ఆమె, ఓదెలన్న గొంతుతోనే. మౌనం పాటించలేదు. ఉపన్యాసాలు లేవు. ఆమె కడిగిన గ్లాసులతో అందరం నీళ్ళు తాగాం.

పోయినవారి లోటు పూడ్చలేనిదని రాయడం ఆనవాయితీ. ఓదెలన్న లోటును పూడ్చే ప్రయత్నాలు మాత్రం అప్పుడే మొదలయ్యాయి, బండతో, నల్లాలతో, మంచి మాటలతో. దాన్ని మేము పూడనివ్వం. ఆ గోలెం, ఆ పీట అక్కడే ఉంటాయి. వచ్చే ఆదివారం కడిగే వంతు నాది. నారాయణ సేటు వస్తే మొదటి గ్లాసు ఆయనకే ఇస్తాను. ఆ పై ఆదివారం పీట ఆయనది.